మిర్చి బండి దగ్గర పోలరాయిడ్

ఎండాకాలం, సాయంత్రం ఆరు కావస్తోంది. మేడిపల్లిలో బస్సు దిగి, ఉప్పల్–నారపల్లి ఫ్లైఓవర్ పిల్లర్ల నీడన మీరు నిలబడ్డారు. మెడలో పాత పోలరాయిడ్ 600 కెమెరా. పొద్దుటిదాకా ఫ్రిజ్‌లో కొత్తిమీర పక్కనున్న ఫిల్ము ఇప్పుడు దాని కడుపులో ఉంది. వెనక అంకె 10 చూపిస్తోంది. నమ్మకండి, ఉన్నవి ఎనిమిదే. 2008లో పోలరాయిడ్ ఫిల్ము తయారీ మానేస్తే, నెదర్లాండ్స్‌లోని ఎన్‌స్కెడే ఫ్యాక్టరీని మూతపడనివ్వని కొందరు రసాయనాలను మళ్లీ మొదటి నుంచి కూర్చుకున్నారు. ఆ కొత్త ఫిల్ము కాస్త మందం. పాత కెమెరాకు ఆ సంగతి తెలియదు, ఇంకా పదే లెక్కపెడుతుంది.

మిర్చి బండి దగ్గర పెద్దమ్మ శెనగపిండి కలుపుతోంది.

"ఒక ఫోటో తియ్యనా పెద్దమ్మా?"

"ఈ మొఖానికా? ఆగు బిడ్డా." కొంగుతో నుదురు తుడుచుకుంది.

నాలుగడుగుల దూరం ఉండాలి, దగ్గరైతే మసకే. వెనక్కి జరుగుతుంటే ఆటో హారన్ మోగింది. మోగనీండి. ఒక్క నొక్కుకు వంద రూపాయల పైమాటే, వేలు ఊరికే కదలదు. మూకుడులో మిర్చి పడి నూనె చుర్రుమంది, ఆమె నవ్వింది. ఇప్పుడు!

ఫ్లాష్. గర్రుమంటూ ఫోటో బయటికొచ్చింది. వస్తూ వస్తూ రెండు రోలర్ల మధ్య నలిగి, కింది తెల్ల అంచులో దాగిన మందు పొరల మధ్య పరుచుకుంది. వెలుతురు తగలకుండా బోర్లించి పట్టుకోండి.

"ఊపాలె గద అన్నా?" అన్నాడు బజ్జీల కోసం నిలబడ్డ పిల్లాడు.

వద్దు, ఊపితేనే చెడేది.

"ఎప్పుడు కడిగిస్తవు?" పెద్దమ్మ అడిగింది.

"ఇక్కడ్నే అయితది. పదిహేను నిమిషాలు."

ఈ పదిహేను నిమిషాల కోసమే నేనైతే ఈ డబ్బా మోస్తాను. ఫోన్లో తీస్తే చూపించి వెళ్లిపోతాం. ఇక్కడ కదలడానికి లేదు. ఊరు చెప్పాలి, ఇంటిపేరు చెప్పాలి, బజ్జీ తినాలి. చుట్టూ నలుగురు చేరారు. ముందు మూకుడు నలుపు తేలింది, తర్వాత చీర అంచు, ఆఖరికి మొహం. ఈ వేడికి రంగులన్నీ ఎరుపుకు తిరిగాయి.

నెగటివ్ లేదు, ఇచ్చేస్తే మీకేమీ మిగలదు. అయినా చేయి చాచి ఇచ్చారు. పెద్దమ్మ పిండి చేతులు తుడుచుకుని, అంచులు పట్టుకుని చూసి, తిరిగిచ్చేసింది.

"గిది నువ్వే వెట్టుకో. మా ఆయన ఉల్లిగడ్డలకు పోయిండు. వచ్చినంక ఇద్దర్ని కలిపి తియ్యి."