పేరు మిగిలిన గబ్బర్

1975లో వచ్చిన ‘షోలే’లో గబ్బర్ సింగ్ అంటే పసిపిల్లలు కూడా హడలిపోయే బందిపోటు. 2012లో హరీష్ శంకర్ ఆ దొంగ పేరునే మన పోలీసుకి తగిలించారు. హిందీ ‘దబంగ్’కి తెలుగు రూపమే అయినా, కథని కొండవీట్లో పెట్టేసరికి మా బ్రాడీపేట వాళ్ళకి అది పొరుగూరి గొడవైపోయింది. రెడ్డిరాజులేలిన కొండవీడాయె! అంత్యాక్షరి సీనుకి మా అత్తయ్య పొట్ట పట్టుకుని నవ్వింది. మారుటి తండ్రీ, కొడుకుల ఎడమొహం పెడమొహం చూసి మాత్రం కళ్ళొత్తుకుంది. ఆవిడా మారుతల్లి చేతిలో పెరిగిన మనిషే మరి.

2016 ఉగాదినాడు ‘సర్దార్ గబ్బర్ సింగ్’ వచ్చింది. దర్శకుడు బాబీ, కథ పవన్ కల్యాణ్ గారే రాసుకున్నారు. పచ్చడి నోట్లో వేసుకుని పరుగెత్తాం. తీరా చూస్తే పాత కథకి కొనసాగింపే కాదు. ఊరు రతన్‌పూర్‌ట, హీరో అనాథట! కొన్నవాళ్ళకి నష్టాలొచ్చాయని తర్వాత పత్రికల్లో చదివాం. పేరూ, ఖాకీ బట్టలూ మిగుల్చుకుని ఇల్లు వదిలేస్తే, మాలాంటి ఆడవాళ్ళు ఎవరి కోసం వెళ్ళాలి చెప్పండి?

ఆటో నాలుగో లైన్లోకి తిరిగేదాకా అత్తయ్య నోరు విప్పలేదు. చివరికి, “వాళ్ళ నాన్నని ఎక్కడ వదిలేశారే?” అంది.