సాఫ్ట్‌వేర్ తొలగించాక బూట్ కాని ల్యాప్‌టాప్

ఒక ప్రోగ్రామును తీసేసి రీస్టార్ట్ చేసిన ల్యాప్‌టాప్ విండోస్ దాకా రాకుండా నీలి తెర దగ్గరో, ఆగకుండా తిరిగే చుక్కల దగ్గరో, నల్ల తెర మీది అక్షరాల దగ్గరో నిలిచిపోవడం తరచుగా కనిపించే లోపం. చూడటానికి యంత్రం పూర్తిగా పోయినట్టే ఉంటుంది. చాలా సందర్భాల్లో మాత్రం డిస్కు, అందులోని ఫైళ్లు భద్రంగానే ఉంటాయి. తొలగింపు సగంలో ఆగిపోవడమే అసలు కారణం. ఆ సగం పనిని పూర్తి చేయడమో, వెనక్కి తిప్పడమో ఇక్కడ మరమ్మతు అవుతుంది. దుకాణాల్లో ముందుగా వినిపించే ‘ఫార్మాట్ కొట్టేద్దాం’ అన్న మాట చివర రావాల్సింది.

పవర్ బటన్ నొక్కగానే ముందు మదర్‌బోర్డులోని యూఈఎఫ్ఐ, పాత యంత్రాల్లో అయితే బయోస్, మెమరీనీ డిస్కునూ సరిచూసుకుంటుంది. తర్వాత డిస్కులోని చిన్న ఈఎఫ్ఐ విభాగంలో ఉండే విండోస్ బూట్ మేనేజర్‌కు పని అప్పగిస్తుంది. అది విండోస్ కేంద్ర భాగమైన కెర్నల్‌నూ, దాంతో పాటే అవసరమయ్యే డ్రైవర్లనూ లోడ్ చేయిస్తుంది. లాగిన్ తెర వచ్చేది ఆ తర్వాతే. ఏది తీసేస్తే ప్రమాదమో ఈ వరుసను బట్టే తెలుస్తుంది. టాలీ, ఫోటోషాప్ లాంటివి లాగిన్ తర్వాత పనిచేస్తాయి కనుక వాటిని తీసేసినంత మాత్రాన యంత్రం ఆగదు. యాంటీవైరస్, డిస్కు ఎన్‌క్రిప్షన్, స్టోరేజ్ డ్రైవర్ల వంటివి కెర్నల్‌తో కలిసి లేస్తాయి. చిక్కు వచ్చేది వీటితోనే.

యాంటీవైరస్‌లూ, బ్యాకప్ ప్రోగ్రాములూ డిస్కుకూ విండోస్‌కూ మధ్య తమ ఫిల్టర్ డ్రైవర్లను కూర్చోబెడతాయి. వాటిలో డిస్కు తరగతికి చేరేవాటి పేర్లు రిజిస్ట్రీలో ‘అప్పర్ ఫిల్టర్స్’, ‘లోయర్ ఫిల్టర్స్’ అనే జాబితాల్లో నమోదవుతాయి. తొలగింపు సరిగ్గా జరగకపోతే ఫైలు పోతుంది, పేరు మాత్రం ఊరొదిలి వెళ్లిన మనిషి పేరు ఓటరు జాబితాలో ఉండిపోయినట్టు ఉండిపోతుంది. బూట్ సమయంలో విండోస్ ఆ పేరుగల డ్రైవర్ కోసం వెతుకుతుంది, అది దొరకక డిస్కునే తెరవలేకపోతుంది. నీలి తెర మీద ‘ఇన్‌యాక్సెసిబుల్ బూట్ డివైస్’ అని వస్తుంది. ఇంటెల్ ర్యాపిడ్ స్టోరేజ్ డ్రైవర్‌ను ‘అనవసరపు ప్రోగ్రాము’ అనుకుని తీసేసినప్పుడూ, బయోస్‌లో స్టోరేజ్ పద్ధతిని మార్చినప్పుడూ ఇదే సందేశం రావచ్చు. వెరాక్రిప్ట్‌తో డిస్కు మొత్తానికి తాళం వేసినవారు ముందు డీక్రిప్ట్ చేయకుండా ఆ ప్రోగ్రామును తుడిచేస్తే తాళం అలాగే ఉండి, తీసే సాధనం పోతుంది.

కొన్నిసార్లు తొలగింపుకీ లోపానికీ సంబంధం పైకి కనిపించదు. 2012లో విండోస్ 8తో వచ్చిన ఫాస్ట్ స్టార్టప్ పద్ధతిలో ‘షట్‌డౌన్’ నొక్కినా కెర్నల్ పూర్తిగా ఆగదు. దాని స్థితి డిస్కులో దాచి ఉంటుంది. రీస్టార్ట్ చేసినప్పుడే అంతా కొత్తగా లోడ్ అవుతుంది. అందువల్ల సోమవారం తీసేసిన ప్రోగ్రాము ప్రభావం వారం చివర అప్‌డేట్ కోసం రీస్టార్ట్ అయినప్పుడు బయటపడవచ్చు. అప్పటికి తీసేసిన సంగతి ఎవరికీ గుర్తుండదు, నింద అప్‌డేట్ మీద పడుతుంది. బ్యాటరీ చచ్చిపోయి కరెంటు మీదే నడిచే పాత ల్యాప్‌టాప్‌లో తొలగింపు మధ్యలో కరెంటు పోవడం మరో కారణం.

ఇంజనీరింగ్ విద్యార్థుల ల్యాప్‌టాప్‌లలో ఎక్కువగా కనిపించే రూపం వేరు. ల్యాబ్ పని కోసం విండోస్ పక్కనే ఉబుంటు వేసుకుని, సెమిస్టర్ అయ్యాక దాని పార్టిషన్‌ను డిలీట్ చేస్తారు. బూట్ బాధ్యత మాత్రం అప్పటికే ఉబుంటు తెచ్చిన గ్రబ్ అనే బూట్ లోడర్ చేతిలో ఉంటుంది. తన ఫైళ్లు కనబడక అది ‘గ్రబ్ రెస్క్యూ’ అనే నల్ల తెర చూపి ఆగుతుంది. విండోస్‌కు ఏమీ కాలేదు. కొత్త యంత్రాల్లో యూఈఎఫ్ఐ సెట్టింగుల్లోకి వెళ్లి బూట్ వరుసలో విండోస్ బూట్ మేనేజర్‌ను పైకి తెస్తే సరిపోతుంది. పాత బయోస్ యంత్రాల్లో విండోస్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి ‘బూట్‌రెక్ ఫిక్స్‌ఎంబీఆర్’ ఆదేశం ఇవ్వాలి. ఇక ఉబుంటులోనే పైథాన్ 3ను తొలగిస్తే దాని మీద ఆధారపడిన డెస్క్‌టాప్ భాగాలూ వెంట పోతాయి. అప్పుడు రికవరీ మోడ్‌లో ‘ఉబుంటు డెస్క్‌టాప్’ ప్యాకేజీని మళ్లీ వేయాలి.

మరమ్మతుకు ముందు లోపం ఎక్కడుందో తేల్చుకోవాలి. లైటు వెలగకపోతే, కంపెనీ లోగో కూడా రాకపోతే అది సాఫ్ట్‌వేర్ పని కాదు. ఛార్జర్, బ్యాటరీ, ర్యామ్ చూడాలి. లోగో వచ్చి ఆగితే విండోస్ రికవరీలోకి వెళ్లాలి. లోగో కనబడగానే పవర్ బటన్‌ను పది సెకన్లు నొక్కిపట్టి ఆపి, అలాగే మరోసారి చేస్తే మూడోసారి ‘ఆటోమేటిక్ రిపేర్’ తెర వస్తుంది. అక్కడ ‘ట్రబుల్‌షూట్’, తర్వాత ‘అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్’ ఎంచుకోవాలి.

ఈ దశలో చాలా కొత్త ల్యాప్‌టాప్‌లు డిస్కుకు తాళం వేసే బిట్‌లాకర్ రికవరీ కీ అడుగుతాయి. 48 అంకెల ఈ కీ సాధారణంగా ల్యాప్‌టాప్ మొదట తెరిచినప్పుడు వాడిన మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటుంది. కొన్న చోటే ఎవరో తమ ఈమెయిల్‌తో సెటప్ చేసి ఇచ్చి ఉంటే కీ వారి ఖాతాలోనే ఉంటుంది. దాన్ని ముందే కాగితం మీద రాసి పెట్టుకోవడం అవసరం. కీ లేకపోతే డిస్కులోని ఫైళ్లను ఏ మెకానిక్కూ తీయలేడు.

ముందు ప్రయత్నించాల్సింది సిస్టమ్ రిస్టోర్. 2000లో విండోస్ ఎంఈతో వచ్చిన ఈ సౌకర్యం రిజిస్ట్రీనీ డ్రైవర్లనూ పాత తేదీకి తిప్పుతుంది, సొంత ఫైళ్ల జోలికి పోదు. అయితే చాలా ల్యాప్‌టాప్‌లలో ఇది ఆపేసి ఉంటుంది. అది లేకపోతే స్టార్టప్ సెట్టింగ్స్ ద్వారా సేఫ్ మోడ్‌లోకి వెళ్లాలి. అక్కడ మామూలు అన్‌ఇన్‌స్టాల్ చాలాసార్లు పనిచేయదు, ఎందుకంటే విండోస్ ఇన్‌స్టాలర్ సర్వీసు సేఫ్ మోడ్‌లో నడవదు. యాంటీవైరస్ కంపెనీలు ప్రత్యేకంగా ఇచ్చే తొలగింపు సాధనాన్ని వేరే కంప్యూటర్‌లో దించుకుని పెన్‌డ్రైవ్‌లో తెచ్చి నడపాలి.

సేఫ్ మోడ్ కూడా రాకపోతే కమాండ్ ప్రాంప్ట్ మిగులుతుంది. ఇక్కడ డ్రైవ్ అక్షరాలు మారిపోయి ఉండవచ్చు. సి అనుకున్నది డి కావచ్చు. ‘డిఐఆర్’ ఆదేశంతో విండోస్ ఫోల్డర్ ఏ డ్రైవ్‌లో ఉందో చూసుకున్నాకే విండోస్ ఫైళ్లను సరిచేసే ఎస్‌ఎఫ్‌సి, డిస్మ్ ఆదేశాలను ఆ డ్రైవ్ పేరుతో నడపాలి. ఫిల్టర్ జాబితాను చేత్తో సరిదిద్దేవారు పోయిన ప్రోగ్రాము పేరొక్కటే తీసేయాలి. డిస్కు తరగతిలో ‘పార్ట్‌మ్యానేజర్’ డ్రైవర్‌దీ, వాల్యూమ్ తరగతిలో ‘వోల్‌స్నాప్’దీ విండోస్ సొంత నమోదులు. జాబితా మొత్తం తుడిచేస్తే కొత్త నీలి తెర ఖాయం.

పనికిరాని ఒక్క ఫైలు ఎంత దూరం వెళ్లగలదో 2024 జూలై 19న లోకమంతా చూసింది. క్రౌడ్‌స్ట్రైక్ భద్రతా సాఫ్ట్‌వేర్‌కు వచ్చిన దోషపూరిత ఫైలు వల్ల, మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం, దాదాపు 85 లక్షల విండోస్ యంత్రాలు నీలి తెర దగ్గర ఆగాయి. హైదరాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. సంస్థ 78 నిమిషాల్లో ఫైలును వెనక్కి తీసుకున్నా, ఆగిపోయిన యంత్రాలు ఆ సవరణను అందుకోలేకపోయాయి. ఒక్కో యంత్రం దగ్గర కూర్చుని, సేఫ్ మోడ్‌లోకో రికవరీలోకో వెళ్లి, 291 సంఖ్య గల ఆ ఒక్క ఫైలును డిలీట్ చేస్తే అవి మళ్లీ లేచాయి. ఎవరూ 85 లక్షల డిస్కులను ఫార్మాట్ చేయలేదు.

ఫార్మాట్ వల్ల జరిగే నష్టం బళ్లారి వంటి సరిహద్దు జిల్లాలో మరీ ఎక్కువ. 1953 అక్టోబర్ 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రలో నిలవగా బళ్లారి మైసూరు రాష్ట్రంలో చేరింది. అక్కడ ఆఫీసు పని కన్నడంలో, చాలా ఇళ్లలో మాట తెలుగులో సాగుతోంది. రెండు భాషల్లో పెళ్లి పత్రికలు, కరపత్రాలు వేసే డీటీపీ కంప్యూటర్‌లో కన్నడానికి నుడి, తెలుగుకు అను ఫాంట్లు కావాలి. యూనికోడ్ కాని పాత ఫాంట్లలో కొట్టిన ఫైళ్లు భద్రంగా ఉన్నా, ఫార్మాట్ తర్వాత ఆ ఫాంట్లు మళ్లీ వేసేదాకా తెర మీద అర్థం లేని ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులే కనిపిస్తాయి. జీన్స్ కుట్టే యూనిట్ల టాలీ లెక్కలు సి డ్రైవ్‌లోనే ఉంటే, కాపీ లేకుండా చేసిన ఫార్మాట్‌తో ఏళ్ల ఖాతాలు ఒక్కసారిగా పోతాయి.

కనుక ఏ మార్గమూ మిగలనప్పుడు కూడా ముందు ఉబుంటు లైవ్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి డాక్యుమెంట్లు, టాలీ డేటా, విండోస్‌లోని ఫాంట్స్ ఫోల్డర్ బయటి డిస్కుకు కాపీ చేసుకోవాలి. ఆ తర్వాత ‘రీసెట్ దిస్ పీసీ’లో ‘కీప్ మై ఫైల్స్’ ఎంచుకుంటే వ్యక్తిగత ఫైళ్లు ఉంటాయి, వేసుకున్న ప్రోగ్రాములన్నీ పోతాయి. నుడి, అను, ప్రింటర్ డ్రైవర్, టాలీ మళ్లీ వేసుకోవాలి. విండోస్ లేచాక సిస్టమ్ రిస్టోర్‌ను ఆన్ చేసి ఒక రిస్టోర్ పాయింట్ పెట్టుకోవాలి. యాంటీవైరస్‌నో డ్రైవర్‌నో తీసేసే ప్రతిసారీ ఛార్జర్ పెట్టి, తీసేశాక షట్‌డౌన్ కాకుండా రీస్టార్ట్ చేస్తే లోపం ఉన్నా అప్పుడే, కారణం గుర్తుండగానే బయటపడుతుంది.