మహానగరాన్ని మూడు ఊళ్ల నుంచి చూస్తే

మహానగరాలను పోల్చేటప్పుడు మనం సాధారణంగా వాటి వైశాల్యాన్ని, జనాభాను, భవనాల ఎత్తును లెక్కగడతాం. ఒక నగరం స్వభావం తెలియడానికి ఆ లెక్క చాలదని నాకు జనగామ స్టేషన్లో, తెల్లవారకముందే సికింద్రాబాదు బండి కోసం నిలబడ్డ తాపీపనివాళ్ల మధ్య తోచింది. నగరం పటం ఇంజనీరు గీస్తాడు. దాన్ని కట్టేవాళ్లు ఏ ఊరి నుంచి, ఏ కారణం చేత వస్తున్నారో ఆ పటంలో ఉండదు. అది చరిత్రలో వెతకవలసిన విషయం.

బొంబాయికి మూడు వైపులా సముద్రం. కాబట్టి అది రైలు పట్టాల వెంట ఉత్తరానికి సాగింది. బట్టల మిల్లులు దాన్ని కార్మిక నగరం చేశాయి. 1982 సమ్మె తర్వాత మిల్లులు ఒక్కొక్కటే మూతపడి, ఆ నేలమీద మాల్స్, ఆకాశహర్మ్యాలు లేచాయి. కలకత్తా హుగ్లీ ఒడ్డున జనపనార మిల్లులతో బారుగా పెరిగింది. హైదరాబాదు పుట్టుక వేరు. 1591లో రాజధానిగానే పుట్టింది. 1908 మూసీ వరద తర్వాతే నగరాభివృద్ధి ఒక ప్రణాళికగా రూపు దిద్దుకుంది. 1912లో నగరాభివృద్ధి సంస్థ ఏర్పడింది. సముద్రం లేదు, కొండల అడ్డు లేదు. అందువల్ల పీఠభూమి మీద అన్ని దిక్కులకూ పరుచుకుంది. 2007లో 12 మునిసిపాలిటీలను కలుపుకొని మహానగరపాలక సంస్థ అయింది. 2011 జనగణన నాటికి ఆ పరిధిలో 67 లక్షల పైచిలుకు జనం.

ఈ విస్తరణకు నేల ఒక్కటే కారణమా? కాదు. జనగామ చరిత్ర చూడండి. 1946 జులై 4న కడవెండిలో విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల తూటాలకు దొడ్డి కొమురయ్య నేలకొరిగాడు. అప్పుడు జనగామ తాలూకా నల్లగొండ జిల్లాలో ఉండేది. వెట్టికి, గడీకి ఎదురు తిరిగిన ఆ పోరాటం 1951 అక్టోబరులో విరమణ అయింది. ఆ తర్వాతి దశాబ్దాల్లో దొరలు ఎందరో ఊళ్లు విడిచి పట్నం చేరారు. వారి వెంట భూమి ఆదాయం కూడా పట్నం చేరి ఇళ్లు, సినిమాహాళ్లు, కాంట్రాక్టులు అయింది. నీళ్లు లేని మెట్టపొలాన్ని నమ్ముకున్న కూలీ వాళ్ల వెనకే వచ్చాడు. ఇప్పుడు భువనగిరి దాకా రోడ్డుకు రెండు పక్కలా పాతిన హద్దురాళ్ల మధ్య ఆ ఇద్దరి మనుమలూ మళ్లీ ఎదురుపడుతున్నారు. ఒకడిది వెంచరు, ఇంకొకడిది తాపీ.

అయితే నగరాన్ని కేవలం దోపిడీ కేంద్రంగా చిత్రించి ఊరుకోవడం కూడా చారిత్రక దృష్టి కాదు. అడ్డామీద కూలి రూపాయల్లో ముడుతుంది. అక్కడ ఎవరూ ‘నీ బాంచన్ దొరా’ అననక్కర లేదు. ఇది చిన్న మార్పు కాదు. కానీ మేస్త్రీ ఇచ్చే అడ్వాన్సు తిరిగి మనిషిని కట్టివేస్తే దాన్ని ఏ పేరుతో పిలవాలి?

మానుకోట కథ రైలు కథ. ఆరవ నిజాం పేరు మీద మహబూబాబాద్ అయినా జనం నోట మానుకోటే. లండనులో పెట్టుబడి సేకరించి, నిజాం ప్రభుత్వం వడ్డీకి హామీపడి వేయించిన రైలుమార్గం 1889 నాటికి బెజవాడ చేరింది. పక్కనున్న డోర్నకల్ నుంచి ఇల్లెందు బొగ్గుకు శాఖ చీలింది. సరుకు బయటికి పోవడానికి వేసిన పట్టాల మీదే మనుషులూ వెళ్లారు. 2010 మే 28న ఉద్యమకారులు ఆ పట్టాల కంకరనే చేతపట్టారు. దాశరథి సోదరులు ఈ ప్రాంతపు చినగూడూరు బిడ్డలే. గడీల కింద బతుకు ‘చిల్లర దేవుళ్లు’లో నవలకెక్కింది. గడీ నుంచి నగరానికి సాగిన ప్రయాణానికి అంత విస్తృతమైన నవల రావలసే ఉంది.

భూపాలపల్లి ఇంకో రకం. అడవి అంచున గనుల చుట్టూ పెరిగిన సింగరేణి ఊరు. ఆ బొగ్గు పక్కనే చెల్పూరులో కరెంటు అవుతుంది. 2010లో 500, 2016లో 600 మెగావాట్ల యూనిట్లు మొదలయ్యాయి. ఆ కరెంటు రాష్ట్రమంతటితో పాటు రాజధాని అద్దాల మేడలకూ పోతుంది. వింత ఏమిటంటే, ఆనాడు ఇల్లెందు బొగ్గు రైలును రప్పించుకుంది గాని, ఇంత బొగ్గు తవ్వుతున్న భూపాలపల్లి మనిషి పట్నం పోవాలంటే నేటికీ బస్సే ఎక్కాలి.

‘బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి’ అని తెలంగాణ జనం తమ వలసలను మూడు మాటల్లో చెప్పుకున్నారు. బొంబాయి కామాఠీపుర పేరే తెలంగాణ నుంచి వెళ్లిన కామాఠీ కూలీలది. అంటే పెద్ద నగరాల తులనాత్మక చరిత్రను పండితులకంటే ముందే కూలిజనం తయారు చేసి పెట్టారు. ఎక్కడ పని దొరుకుతుంది, ఎక్కడ గుడిసె నిలుస్తుంది, ఎక్కడినుంచి శవమైనా ఇంటికి చేరుతుంది అన్నవే వారి కొలమానాలు.

2016 అక్టోబరు 11న ఈ మూడూ జిల్లా కేంద్రాలయ్యాయి. జనగామలో, మానుకోటలో ఊరి వెలుపల కొత్త కలెక్టరేట్లు లేచాయి. వాటి దారిపొడవునా చేలల్లో హద్దురాళ్లు మొలిచాయి. హైదరాబాదు పెరిగిన పద్ధతినే చిన్న ఊళ్లు ఆదర్శంగా తీసుకుంటున్నాయన్న మాట. చెరువు, చేను, కూలివాడల గతి ఏమిటన్న ప్రశ్న ఇక్కడ ఇప్పుడే వేయాలి. హైదరాబాదులో దాన్ని చాలా ఆలస్యంగా వేశాం.

అలిశెట్టి ప్రభాకర్ ‘సిటీ లైఫ్’ పేరుతో నగరాన్ని లోపలి నుంచి రాశాడు. దాన్ని బయటి నుంచి, ఈ స్టేషన్ల నుంచి రాయవలసిన పని మన తరం మీద ఉంది. సాహిత్య విద్యార్థులు ఒక్కసారి తెల్లవారుజామున జనగామలో బండి ఎక్కండి. పక్కన కూర్చున్న మనిషి తాత ఎవరి పొలంలో పనిచేశాడో అడగండి. నగర చరిత్రలో మొదటి అధ్యాయం అతని నోటనే వినిపిస్తుంది.