ఓడిన జట్టు – అభిమానుల నిష్ఠూరము

నింద వేరు, నిష్ఠూరము వేరు. పరాయివానిని నిందింతుము, నిష్ఠూరమాడుటకు అయినవాడు కావలెను. పెండ్లికి రాని మేనమామపై నిష్ఠూరపడుదుము గాని ప్రక్కయూరి షావుకారుపై నిష్ఠూరపడము. ఆంధ్ర క్రికెట్ జట్టును గూర్చి కాఫీ హోటలు బల్లల యొద్దను, బస్సులకై వేచియుండు చోట్లను డెబ్బది యేండ్లకు పైగా వినవచ్చుచున్న మాటలు ఈ రెండవ జాతికి చెందినవని నా తలంపు. "మనవాండ్రు మరల ఓడిరట" అను చిన్నవాక్యమున కోపమునకు ముందే "మనవాండ్రు" అను మాట వచ్చినది. ఈ నిష్ఠూరమునకు గల చరిత్రను, దానిలోని న్యాయాన్యాయములను నేడు శ్రోతలకు మనవి చేయదలచితిని.

నర్సీపట్నమునుండి మన్యమువైపు సాగు దారిలో కొండల మొదట కృష్ణదేవిపేట యను గ్రామము కలదు. 1922 ఆగస్టు 22వ తేదీన చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు ఠాణాలపై అల్లూరి సీతారామరాజు తన యనుచరులతో దాడి చేసి తుపాకులను గొనిపోయెను. 1924 మే 7వ తేదీన ఆయన కొయ్యూరు ప్రాంతమున కాల్చి చంపబడెను. ఆయన సమాధి కృష్ణదేవిపేటలోనే యున్నది. ఇట్టి యూరి పేరెత్తి క్రికెట్టు మాట చెప్పనేల యని శ్రోతలు శంకింపవచ్చును. ఆనాడు క్రికెట్టు దొరల యాట. ఆ దొరలతో పోరిన కొండల నీడలోనే నేడు పంటకోసిన మళ్లలో పిల్లలు మూడు పుల్లలు పాతి, మట్టను చెక్కి కోలగా పట్టి, అదే యాట నాడుచున్నారు. ఇట్టి పిల్లలకు తమ రాష్ట్రపు జట్టు పేరు తెలియును. ఆ జట్టు ఆడగా కన్నులార చూచినవారు మాత్రము మిక్కిలి యరుదు. చూడనిదానిపై ఇంత మమకారమెట్లు కలిగెను? కలిగిన మమకారమునకు జట్టు ఏమి ప్రతిఫలమిచ్చెను? మన కథకు ఈ రెండు ప్రశ్నలే మూలము.

ఈ యాట తెలుగువాని సొత్తు కాగలదని మొదట చూపినవాడు కొట్టారి కనకయ్య నాయుడు. ఆయన పూర్వులు మచిలీపట్నపువారు. ఆయన 1895 అక్టోబరు 31వ తేదీన నాగపురమున జన్మించెను. 1926 డిసెంబరులో బొంబాయి జింఖానా మైదానమున ఇంగ్లండునుండి వచ్చిన ఎం.సి.సి. జట్టుపై హిందువుల పక్షమున ఆడి 153 పరుగులు చేసెను. అందు పదునొకండు సిక్సర్లు. సీతారామరాజు మరణించి అప్పటికి రెండున్నర యేండ్లే. 1932 జూన్ 25న లార్డ్స్ మైదానమున భారతదేశము తన మొదటి టెస్టు నాడినపుడు నాయకుడాయనయే. తరువాత హోల్కరు సంస్థానపు జట్టునకు నాయకుడై ఇందూరులో స్థిరపడి, ఆ జట్టునకు రంజీ కప్పును నాలుగుమారులు సంపాదించి పెట్టెను. అందు కడపటిది 1952–53వ సంవత్సరపుది.

రంజీ పోటీలు 1934లో ఆరంభమైనవి. అప్పుడు కోస్తా, రాయలసీమ జిల్లాలు మదరాసు ఏలుబడిలో నుండెను గాన మన యువకులు మదరాసు జట్టులో చోటు వెదకికొనవలసి వచ్చెడిది. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్ర మవతరించెను. ఆ సంవత్సరముననే ఆంధ్ర క్రికెట్ సంఘము ఏర్పడి, 1953–54లో ఆంధ్ర పేరిట ఒక జట్టు రంజీ పోటీలలో దిగెను. దానికి నాయకత్వము వహించినవాడు కనకయ్య నాయుడుగారే. అప్పటికాయన వయస్సు 58 సంవత్సరములు. అంతకు ముందటి యేడే కప్పు నెత్తిన చేతులతో, పసిబిడ్డవంటి యీ జట్టును నడిపింప వచ్చెను. క్రొత్త రాష్ట్రము, క్రొత్త జట్టు, మహానాయకుడు. ఇక విజయములకు లోటేమియని జనులు తలచుట సహజము. అభిమానుల ఆశ అంత యెత్తున మొదలైనది కనుకనే నిరాశయు అంత లోతున తగిలెను.

జట్టు ఏల పైకి రాలేదను ప్రశ్నకు మొదటి సమాధానము చుట్టుప్రక్కల వారే. రంజీ పోటీలు చాలకాలము దేశమును మండలములుగా విభజించి జరిగెడివి. దక్షిణ మండలమున ఆంధ్రకు పొరుగువారు మదరాసు, మైసూరు, హైదరాబాదు, కేరళ జట్లు. వీరిలో హైదరాబాదు 1937–38లోనే కప్పు గెలిచినది. మదరాసు 1954–55లో గెలిచినది. మైసూరు, కర్ణాటకమను పేరు పొందిన పిమ్మట, 1973–74లో గెలిచినది. మండలమునుండి మొదట ఒక్క జట్టు, తరువాత రెండు, ఆ పిమ్మట మూడు జట్లు మాత్రమే పైమెట్టునకు పోగలిగెడివి. అన్నల నడుమ కడగొట్టు తమ్మునివలె ఆంధ్ర జట్టు ప్రతియేట నాలుగు ఆటలాడి ఇంటికి వచ్చుచుండెడిది. బలహీనుడు బలహీనుల నడుమ పడినచో అప్పుడప్పుడు గెలిచి ధైర్యము తెచ్చుకొనును. ఎల్లప్పుడు బలవంతుల నడుమనే పడినచో ఓడుట అలవాటగును. మండలముల పద్ధతి 2002–03లో గాని మారలేదు. అంతవరకు రెండుతరముల ఆటగాండ్రు ఆ యలవాటులోనే ఆడి విరమించిరి. అభిమాని ఈ లెక్కను చూడక ఆటగాని మొగమునే చూచెను.

హైదరాబాదు కూడ తెలుగువారి నగరమే యగుటచే మనకు మరియొక బాధ కలిగెను. 1956లో రాష్ట్రములు కలిసినను జట్లు కలియలేదు. ఒకే ప్రభుత్వము క్రింద రెండు జట్లు. ఒకటి 1986–87లో రెండవమారు కప్పు గెలిచినది, రెండవదానికి కప్పు ఎండమావియే. 1994 జనవరిలో సికిందరాబాదున ఈ రెండును తలపడినపుడు హైదరాబాదు ఆరు వికెట్లకు 944 పరుగులు చేసి ఆట చాలించెను. ఎం.వి. శ్రీధర్ 366, వివేక్ జయసింహ 211, నోయెల్ డేవిడ్ 207. రంజీ చరిత్రలో అంతకు మించిన మొత్తమును ఏ జట్టును నేటివరకు చేయలేదు. గెలిచినవారి గ్రంథములలో ఈ యంకెలు బంగారు అక్షరములు. ఎండలో బంతివెంట పరుగెత్తిన పదునొకండుగురిని స్మరించువారెవరు? ఒక్కడును మైదానము విడిచి పోలేదు. ప్రతి బంతిని వేయవలసినవాడు వేసెను, పట్టవలసినవాడు వెంటపడెను. ఆనాటి ఆంధ్ర జట్టును నవ్వుట సులభము. ఆ నవ్వు నాకు న్యాయముగా తోపదు.

ఈ దుఃఖము మనకొక్కరికే కలుగలేదు. ఈ యాటకు పుట్టినిల్లయిన ఇంగ్లండున కౌంటీ యనగా మన జిల్లావంటిది. ప్రతి కౌంటీ తన జట్టును తన మానముగా చూచుకొనును. అందు నార్తాంప్టన్‌షైర్ అను కౌంటీ 1905లో పోటీలలో చేరెను. 1935 మే మాసము మొదలు 1939 మే వరకు నాలుగేండ్లపాటు, వరుసగా 99 ఆటలలో ఆ జట్టు ఒక్కటియు గెలువలేదు. 1939 మే 29న లీసెస్టర్‌షైర్‌ను ఒక ఇన్నింగ్సు పైగా ఓడించినప్పుడు గాని ఆ శాపము తీరలేదు. ఆ నాలుగేండ్లు జట్టు ఉండెను, మైదానముండెను. నేటివరకును కౌంటీ ఛాంపియనుషిప్పు ఆ జట్టునకు దక్కలేదు. 1891లో చేరిన సోమర్సెట్టుకును దక్కలేదు. అయినను ఆ ప్రాంతముల తండ్రులు కొడుకులను చేయిపట్టి మైదానమునకు కొనిపోవుట మానలేదు. మన యభిమానికిని వారికిని ఒక భేదము కలదు. వారు నడచిపోయి చూడగల దూరమున జట్టు ఉన్నది. మన కృష్ణదేవిపేట పిల్లవానికి జట్టు వార్తలలో వినబడు పేరు మాత్రమే.

ఇక అభిమానుల నిష్ఠూరములను ఒక్కొక్కటిగా తూచి చూతము. మనవాండ్రకు శక్తి లేదనునది మొదటిది. ఇది నిలువదు. గుంటూరు ఎం.ఎస్.కె. ప్రసాద్ 1999లో భారతదేశపు టెస్టు జట్టున వికెట్ల వెనుక నిలిచెను. విశాఖపట్టణపు వేణుగోపాలరావు 2005లో దేశము పక్షమున ఆడెను. ఆ పట్టణమువాడే యైన కె.ఎస్. భరత్ 2015లో ఒంగోలున గోవా జట్టుపై 308 పరుగులు చేసి, రంజీలో మూడువందలు దాటిన మొదటి వికెట్ కీపరయ్యెను. నితీశ్ కుమార్ రెడ్డి 2024 డిసెంబరులో మెల్బోర్నున ఆస్ట్రేలియాపై 114 పరుగులు చేసెను. విత్తనమునకు లోపము లేదు.

అక్కరకు కూలిపోవుదురనునది రెండవ నిష్ఠూరము. దీనికి ఆధారము కలదు. 2023లో రంజీ క్వార్టర్ ఫైనలున ఇందూరులో మధ్యప్రదేశ్‌ను ఎదిర్చి ఆంధ్ర 379 పరుగులు చేసి, ఎదిరిని 228కే ఆపెను. రెండవ ఇన్నింగ్సులో 93కే కూలి, ఐదు వికెట్ల తేడాతో ఓడెను. మరుసటి యేడు 2024 ఫిబ్రవరిలో అదే నగరము, అదే ప్రత్యర్థి. గెలుపునకు 170 కావలెను. మూడవనాటి సాయంకాలమునకు నాలుగు వికెట్లకు 95. మరునాడు 165కు ఆట ముగిసెను. నాలుగు పరుగుల తేడా! ఇందూరు కనకయ్య నాయుడుగారు జీవించి, 1967లో కన్నుమూసిన నగరము. ఆంధ్ర జట్టునకు ప్రథమ నాయకుని యూరనే రెండేండ్లు వరుసగా ద్వారము మూతపడెను. ఆ సాయంకాలము అభిమాని అన్నము సహింపక లేచెననిన నేను నమ్ముదును.

కాని అదే 2023 ఆటలో జరిగిన వేరొక సంగతిని మరువరాదు. నాయకుడు హనుమ విహారి, కాకినాడవాడు, మొదటి ఇన్నింగ్సులో బంతి తగిలి మణికట్టు విరిగి మైదానము విడిచెను. తొమ్మిదవ వికెట్టు పడగానే మరల వచ్చి, కుడిచేతి వాటము వాడయ్యు విరిగిన చేతిని కాచుకొనుచు ఎడమవైపు తిరిగి నిలిచి, ఒంటిచేత బంతిని కొట్టెను. రెండవ ఇన్నింగ్సులో జట్టు కూలుచుండగా అట్లే వచ్చి 15 పరుగులు చేసెను. జట్టు ఓడెను. ఓడువేళ ఎట్లు నిలువవలెనో చూపినవానిని గెలుపు లెక్కలో మాత్రమే తూచినచో, తూచు త్రాసే తప్పు.

జట్టు మాకు కనబడదనునది మూడవ నిష్ఠూరము. ఇదియే నా దృష్టిలో మిక్కిలి న్యాయమైనది. విశాఖపట్టణపు క్రొత్త మైదానమున 2005 నుండి అంతర్జాతీయ పోటీలు, 2016 నవంబరులో మొదటి టెస్టు జరిగినవి. విజయనగరమున, కడపలో, అనంతపురమున, విజయవాడ చెంత మూలపాడున మైదానములు లేచినవి. ఇది మెచ్చదగినది. పెద్ద యూళ్ల మైదానములు వెలసిన తీరుననే మన్యపు అంచులనున్న ఊళ్లకు ఒక చదునైన నేల, ఒక వల, ఒక గురువు చేరవలెను. విత్తనము మంచిదని పైన చెప్పితిని; అది ఏ మడిలో పడియున్నదో వెదకనిచో ఫలమెట్లు వచ్చును? అభిమాని కోపము ఆటగానిపై గాక ఈ లోటుపై తిరిగిననాడు ఆ కోపము పనికివచ్చు కోపమగును.

చివరగా కృష్ణదేవిపేటకు మరలుదము. ఆట వేరు, ప్రాణములొడ్డిన పోరు వేరు. రెంటిని సమానముచేసి మాటలాడుట అపచారము. అయినను ఆ సమాధి యొద్ద నిలిచినవానికి ఒక సంగతి తెలియకపోదు. ఆ పోరు ఆనాటి లెక్కలో ఓటమియే. గెలిచిన అధికారుల పేర్లు నేడెవరును తలపరు. ఓడినవాని పేరు ఇంటింట నున్నది. మన ప్రజలకు ఓటమిని గౌరవించు గుణము క్రొత్తగా నేర్పవలసిన పని లేదు. చూడవలసినది ఓడినవాడు నిలిచెనా, పారిపోయెనా యని మాత్రమే.

ఆంధ్ర జట్టునకు రంజీ కప్పు నేటివరకు రాలేదు. కావున నిష్ఠూరమాడుడు, అది మీ హక్కు. విడిచి మాత్రము పోకుడు. అయినవాండ్రు విడిచిపోయిన యింట నిష్ఠూరము కూడ వినబడదు.