మంద చుట్టూ, ఈల వెంట

గొర్రెలకాపరి కుక్కపిల్ల మంద మీదికి ఉరకదు, దాని చుట్టూ తిరుగుతుంది. ఎవరూ నేర్పకపోయినా అంతే. 1859లో డార్విన్ తన ‘జాతుల పుట్టుక’లో ఈ సంగతి రాశాడు. గ్రేహౌండ్‌తో సంకరమైన పాపానికి ఒక కాపరి కుక్కల కుటుంబం మొత్తానికీ కుందేళ్ల వెంటపడే బుద్ధి అబ్బిందనీ చెప్పాడు. నీలికళ్ల పిల్లులకు చెవుడు ఉంటుందన్న మాటా అదే పుస్తకంలో ఉంది. బుద్ధి ఒకచోట, చెవి ఇంకోచోట. ఈ రెండు ప్రశ్నలనూ ఒకే కుక్కలో, ఒకే జన్యుపటం మీద వెతకడానికి నూటయాభై ఏళ్లు పట్టింది.

గుణాలు తల్లిదండ్రుల నుంచి వస్తాయని డార్విన్ ఆలోచించింది, కుక్కల్ని ఎంచి జతకట్టించే కాపరులు అప్పటికే చేస్తున్నారు. మన గొల్ల, కురుమల మందల దగ్గర కుక్క పని ఎక్కువగా కాపలా. మందను మళ్లించేది మనిషి అదిలింపే. ఇంగ్లండ్, స్కాట్లండ్ సరిహద్దు కొండల్లో అది సాగదు. కాపరి లోయలో ఉంటాడు, గొర్రెలు ఎదుటి కొండ మీద ఉంటాయి. మధ్యలో కుక్క, దాన్ని నడిపే ఈల. 1873లో వేల్స్‌లోని బాలాలో కాపరి కుక్కలకు పోటీ పెడితే ట్వీడ్ అనే కుక్క గెలిచింది. ఇరవై ఏళ్ల తర్వాత, 1893లో, నార్తంబర్లాండ్‌లో ఆడమ్ టెల్ఫర్ ఇంట హెంప్ అనే మగ కుక్కపిల్ల పుట్టాడు. తల్లి మెగ్ బిడియస్తురాలు, దాని చూపు మరీ తీక్షణం. తండ్రి రాయ్ కలుపుగోలువాడు, చూపు మాత్రం అంతంత. ఇద్దరి గుణాలూ హెంప్‌లో సరిపాళ్లలో కుదిరాయి. అరవడు, కరవడు. ఒళ్లు నేలకు దించి, కన్ను గొర్రె మీద నిలిపితే మంద కదిలేది. 1901లో చనిపోయాడు. నేటి బోర్డర్ కోలీ జాతి కాపరి కుక్కల్లో దాదాపు ప్రతిదాని వంశవృక్షమూ అతని దగ్గరికే పోతుంది. నా లెక్కన కుక్క గుణాల వారసత్వంలో అసలైన మొదటి ప్రయోగం టెల్ఫర్‌దే, పేరు మాత్రం ప్రయోగం కాదు. కాకపోతే ఒకే మగకుక్క మీద అందరూ ఎగబడితే, దాని గుణంతో పాటు కనబడని లోపాలూ ఊరంతా పాకుతాయి.

ప్రయోగశాలలోకి కుక్క ప్రవర్తన వచ్చింది అమెరికాలో, బార్ హార్బర్‌లో. స్కాట్, ఫుల్లర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి ఐదు జాతుల్ని పెంచి చూసి 1965లో పుస్తకం వేశారు. ఆ ఐదింటిలో మంద తోలే జాతి షెట్లాండ్ షీప్‌డాగ్ ఒక్కటే. జాతికీ జాతికీ తేడా ఉన్నమాట నిజమే, ఒకే జాతి లోపలా తేడాలు బోలెడు అని తేలింది.

చెవి కథ అంతకంటే తేలిగ్గా విప్పుకుంది. కారణం రంగు. లోపలి చెవిలోనూ రంగుకణాలు ఉంటాయి. శబ్దాన్ని పట్టే కణాలు బతకాలంటే అవి అక్కడ ఉండి తీరాలి. అవి లేకపోతే పుట్టిన కొన్ని వారాలకే చెవి ఆరిపోతుంది. కోలీల్లో బూడిదరంగు మీద మరకలు వేసే మెర్ల్ గుణం సిల్వ్ అనే జన్యువులో దూరిన ఒక చిన్న ముక్క వల్ల వస్తుందని 2006లో బయటపడింది. తల్లి నుంచీ తండ్రి నుంచీ ఆ మెర్ల్ ముక్క రెండు ప్రతులు అందితే కుక్క దాదాపు తెల్లబడుతుంది, చెవిలోనూ రంగుకణాలు కొరవడొచ్చు. లూసియానాలో జార్జ్ స్ట్రెయిన్ బృందం 153 మెర్ల్ కుక్కల్ని పరీక్షించింది. ఒక ప్రతి ఉన్నవాటిలో రెండు చెవులూ వినపడనివి 0.9 శాతం, రెండు ప్రతులున్నవాటిలో 15 శాతం.

ఆ పరీక్షను ‘బేర్’ అంటారు. కుక్కపిల్ల తల చర్మం కింద సన్నటి సూదులు గుచ్చి, ఒక్కో చెవిలో టిక్కుటిక్కుమనిపిస్తారు. వినే చెవైతే తెర మీద వరసగా చిన్న చిన్న శిఖరాలు లేస్తాయి, వినని చెవైతే గీత చదునుగా సాగుతుంది. 2006లో బ్రిటన్‌లో 2,597 బోర్డర్ కోలీల పరీక్షలు చూస్తే 2.8 శాతానికి చెవుడు ఉంది, అందులోనూ ఎక్కువ వాటికి ఒక చెవే. ఒంటిచెవి కుక్క ఇంట్లో పట్టుబడదు. కొండ మీద మాత్రం ఈల ఏ దిక్కు నుంచి వచ్చిందో తెలీక తల అటూ ఇటూ తిప్పుతుంది.

అసలు చిక్కు పెద్దయ్యాక వచ్చే చెవుడుతో. పిల్లప్పుడు పరీక్షలో నెగ్గిన కుక్కకే మూడు నుంచి ఐదేళ్ల మధ్య వినికిడి పోతుంది. అప్పటికే అది పోటీలు గెలిచి ఉంటుంది, పిల్లల్నీ కని ఉంటుంది. శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో స్టీవెన్ హామిల్టన్, జెన్నిఫర్ యోకోయామా బృందం ఇలాంటి బోర్డర్ కోలీల డీఎన్ఏ పోల్చి, 2012లో ఆరో క్రోమోజోమ్‌లో ఒక భాగం వైపు వేలు చూపింది. కుక్క జీనోమ్, అంటే పూర్తి జన్యుపటం, 2005లో చేతికందకపోతే ఈ వెతుకులాట సాగేది కాదు.

బుద్ధి మాత్రం అలా ఒకచోట దొరకలేదు. 2022లో 18 వేలకు పైగా కుక్కల యజమానుల్ని ప్రశ్నలడిగి, రెండు వేలకు పైగా కుక్కల జన్యువులు చదివిన బృందం, ఒక్కో కుక్క ప్రవర్తనలోని తేడాకు జాతి చెప్పగలిగేది సుమారు 9 శాతమే అంది. అదే ఏడాది మరో బృందం, మంద తోలే జాతుల్లో మెదడు నరాల తీగల్ని దారిపెట్టే జన్యువుల మీద ఎంపిక ముద్ర ఉందని చూపింది. రెండూ కొట్టుకున్నట్టు కనిపిస్తాయి గానీ కొట్టుకోవు: ఒకటి ఇంట్లో కూర్చున్న కుక్కల్ని అడిగింది, ఇంకొకటి కొండ మీద పని చేసి వచ్చిన వంశాల్ని చూసింది.

చెవుడు వచ్చిన కోలీని గొర్రెల ముందు వదిలితే ఈ రెండు కథలూ విడివిడిగా కనిపిస్తాయి. ఒళ్లు దించుతుంది, మంద చుట్టూ తిరుగుతుంది, చూపు నిలుపుతుంది. పడుకోమని ఈల వేస్తే మాత్రం తిరుగుతూనే ఉంటుంది. కాపరి దాని కంట పడేదాకా అవతలి గట్టుకు నడిచి వెళ్లి చెయ్యి ఎత్తాలి.