బాస్టన్‌లో పుట్టిన వృత్తి సలహా

ఇంటి వృత్తే పిల్లల వృత్తిగా కొనసాగిన కాలంలో, ఎవరికి ఏ పని సరిపోతుందన్న ప్రశ్నకు జవాబు పుట్టుకతోనే తేలిపోయేది కనుక, దాన్ని విచారించే శాస్త్రం గానీ, ఆ విచారణే జీవనోపాధిగా గల నిపుణుడు గానీ అవసరం కాలేదు. అన్నప్రాశన నాడు బిడ్డ ముందు పుస్తకం, కలం, బంగారం, కత్తి, పూలు పరిచి, పాకుతూ వెళ్లి మొదట దేన్ని పట్టుకుంటే దాన్నిబట్టి భవిష్యత్తును ఊహించే ఆచారం తెలుగు ఇళ్లలో ఇప్పటికీ ఉంది. ధర్మశాస్త్ర గ్రంథాల్లో జీవికా పరీక్ష, అంటే బతుకుతెరువును తెలుసుకొనే పరీక్ష, అన్న పేరుతో కనిపించే ఈ వేడుకలో మనిషి మొగ్గునుబట్టి వృత్తి ఉంటుందన్న ఆలోచన బీజప్రాయంగా ఉంది. అయితే బిడ్డ కలం పట్టుకున్నా, మగ్గం ఉన్న ఇంట పుట్టినవాడు మగ్గం గుంటలోనే కాళ్లు పెట్టేవాడు. సారె ఉన్న ఇంట పుట్టినవాడు సారె తిప్పడమే నేర్చేవాడు.

మొగ్గునుబట్టి వృత్తి అన్న ఆలోచన ఒక పద్ధతిగా, ఒక ఉద్యోగంగా రూపుదిద్దుకున్నది ఇరవయ్యో శతాబ్ది తొలి సంవత్సరాల్లో, అమెరికాలోని బాస్టన్ నగరంలో. ఇటలీ నుంచి, తూర్పు ఐరోపా నుంచి వచ్చిపడుతున్న వలస కుటుంబాల పిల్లలకు తండ్రుల వృత్తులు కొత్త నగరంలో కొరగాలేదు. కర్మాగారాలు, దుకాణాలు, కార్యాలయాలు సృష్టించిన వందల రకాల కొలువుల్లో ఏది తమకు తగినదో చెప్పేవారు లేక, బడి మానిన పిల్లలు ముందు దొరికిన పనిలో చేరి, అది నచ్చక మరొకదానికి మారుతూ ఉండేవారు. ఆ నగరపు నార్త్ ఎండ్ పేటలో వలసదారుల కోసం 1901లో ఏర్పడిన సివిక్ సర్వీస్ హౌస్ అనే సేవాకేంద్రంలో, పాలీన్ అగాసిజ్ షా అనే దాత ఆర్థిక సహాయంతో, ఫ్రాంక్ పార్సన్స్ 1908 జనవరిలో వొకేషన్ బ్యూరోను, అంటే వృత్తి సలహా కార్యాలయాన్ని, ప్రారంభించాడు.

పార్సన్స్ జీవితమే వృత్తి అన్వేషణకు ఒక ఉదాహరణ. 1854లో న్యూజెర్సీలో పుట్టి, కార్నెల్ విశ్వవిద్యాలయంలో ఇంజినీరింగు చదివి, రైలు మార్గాల పనిలో చేరిన ఆయన, 1873 నాటి ఆర్థిక సంక్షోభ కాలంలో ఆ ఉద్యోగం పోగా మిల్లులో కూలిగా, తర్వాత బడిపంతులుగా, న్యాయవాదిగా, న్యాయశాస్త్ర బోధకుడిగా పనిచేసి, 1895లో బాస్టన్ మేయర్ పదవికి పోటీ చేసి ఓడిపోయాడు. బ్యూరో తెరిచిన నాలుగో నెలకల్లా ఎనభై మందికి సలహా ఇచ్చినట్టు నివేదించిన పార్సన్స్ అదే ఏడాది సెప్టెంబరులో మరణించగా, ఆయన పద్ధతిని వివరించే గ్రంథం 1909లో వెలువడింది.

ఆ పద్ధతికి మూడు మెట్లున్నాయి: తన శక్తులను, అభిరుచులను, లోపాలను స్పష్టంగా ఎరగడం మొదటిది, ఆయా వృత్తులు ఏం కోరతాయో, ఎంత జీతమిస్తాయో, ఎలాంటి అవకాశాలు చూపుతాయో తెలుసుకోవడం రెండోది, ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి తర్కించడం మూడోది. సలహాకు వచ్చినవారు వందకు పైగా ప్రశ్నలున్న పత్రాన్ని ఇంటికి తీసుకుపోయి, అద్దంలో తమను తాము చూసుకొని, మిత్రుల అభిప్రాయమూ అడిగి జవాబులు రాసి తేవాలి. వైద్యుడు కావాలనుకున్న పందొమ్మిదేళ్ల యువకుడి ఉదంతం ఆ గ్రంథంలో ఉంది. బలహీనంగా, ముఖాన నవ్వన్నది లేకుండా కనిపించిన అతణ్ణి ఆరోగ్యం గురించి, జ్ఞాపకశక్తి గురించి, చదివిన పుస్తకాల గురించి వరసగా ప్రశ్నించిన పార్సన్స్, వైద్యవృత్తి గొప్పదన్న మాట తప్ప ఆ కోరికకు వేరే ఆధారం లేదని తేల్చి, ఆరుబయట చేసే పనులు పరిశీలించమనీ, పశువుల క్షేత్రాలు, పాడి క్షేత్రాలు స్వయంగా చూసి రమ్మనీ చెప్పాడు. రూపాన్నిబట్టి మనిషిని అంచనా కట్టడం, తల ఆకారాన్ని కూడా గమనించడం ఆయన పద్ధతిలోని బలహీనతలు. కొలిచే సాధనాలు లేనిచోట కంటిచూపే సాధనమైంది.

ఆ సాధనాలను తర్వాతి తరం సమకూర్చింది. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో అమెరికా సైన్యం అక్షరాస్యులకు ఆల్ఫా, చదవలేనివారికి బీటా అనే మానసిక సామర్థ్య పరీక్షలను సుమారు 17 లక్షల మందికి పెట్టింది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన ఎడ్వర్డ్ స్ట్రాంగ్ 1927లో ప్రచురించిన ఆసక్తి పత్రం సామర్థ్యాన్ని కొలవకుండా, ఒక వ్యక్తి ఇష్టాయిష్టాలు ఏ వృత్తిలో కుదురుకున్నవారి ఇష్టాయిష్టాలతో కలుస్తున్నాయో లెక్కగట్టింది. జాన్ హాలండ్ 1959లో ప్రతిపాదించిన సిద్ధాంతం కాలక్రమంలో మనుషులనూ, పని వాతావరణాలనూ ఒకే కొలతతో ఆరు రకాలుగా విభజించింది: చేతిపనివారు, పరిశోధకులు, కళాకారులు, సేవాపరులు, చొరవతో నడిపించేవారు, లెక్కాపత్రాల్లో క్రమం కోరేవారు. భారతదేశంలోనూ కలకత్తా విశ్వవిద్యాలయపు అనువర్తిత మనోవిజ్ఞాన శాఖ 1938లో వృత్తి మార్గదర్శక విభాగాన్ని ప్రారంభించింది. సైన్యం నుంచి విడుదలైనవారికి పునరావాసం కల్పించడానికి 1945లో మొదలైన ఉపాధి కల్పన కార్యాలయాలు స్వాతంత్ర్యానంతరం సామాన్య నిరుద్యోగులకూ అందుబాటులోకి వచ్చాయి.

ఈ నూరేళ్లకు పైబడిన చరిత్రలో పార్సన్స్ చెప్పిన మొదటి మెట్టుకే పరిశోధన ఎక్కువగా దక్కింది. పరీక్షపత్రాలు మనిషిని కొలవడంలో ఆరితేరాయి గానీ, పనిని దగ్గరగా చూడడం, చూసినదాన్ని తన శక్తితో పోల్చి తర్కించడం అనే తక్కిన రెండు మెట్లను ఏ పత్రమూ ఒకరి బదులు ఎక్కలేదు. పదో తరగతి ముగియగానే ఎంపీసీయో బైపీసీయో తేల్చుకోవలసిన తెలుగు విద్యార్థికి, ఆసుపత్రిలో గానీ కర్మాగారంలో గానీ ఒక్క రోజైనా గడపకుండా చేసే ఆ నిర్ణయం, అన్నప్రాశన నాటి పళ్లెంలో వస్తువును అందుకోవడం కంటే ఎక్కువేమీ కాదు.