కుటుంబ ఆస్తిలో ఆమె ఎక్కడ? మినీ గోల్ఫ్ చరిత్రలో కొన్ని ప్రశ్నలు

సముద్రమే లేని నిజామాబాద్‌లో కూర్చుని సముద్రపు ఒడ్డున ఆడే మినీ గోల్ఫ్ గురించి రాయడం వింతగానే ఉంటుంది. అయినా ఆటకీ ఆస్తికీ ఆడవాళ్ళకీ ఉన్న సంబంధాన్ని వెతుకుతూ పోతే నాకు బాగా పనికొచ్చిన చరిత్ర ఇదే. పెద్ద గోల్ఫ్ మైదానానికి వందల ఎకరాలు కావాలి, క్లబ్బు సభ్యత్వం కావాలి. మినీ గోల్ఫ్‌కి ఓ చిన్న స్థలం, ఓ కర్ర, ఓ బంతి, దారిలో కొన్ని అడ్డంకులు చాలు. అందుకే ఇంగ్లండ్, అమెరికా సముద్ర తీరాల్లో ఇది కుటుంబాలు నడుపుకునే చిన్న వ్యాపారంగా స్థిరపడింది. 1959లో ఫ్లోరిడాలోని పనామా సిటీ బీచ్‌లో లీ కోప్లిన్ మొదలుపెట్టిన గూఫీ గోల్ఫ్ అలాంటిదే. ఇక్కడ "కుటుంబం" అన్న మాట దగ్గర మనం కాసేపు ఆగాలి.

ఈ ఆట మూలాల్లో ఒకటి స్కాట్లండ్‌లోని సెయింట్ ఆండ్రూస్‌లో, సముద్రపు ఒడ్డునే ఉంది. 1867లో అక్కడి ఆడవాళ్ళు లేడీస్ పుటింగ్ క్లబ్ పెట్టుకున్నారు. ప్రసిద్ధ క్రీడాకారుడు ఓల్డ్ టామ్ మోరిస్ వాళ్ళకి స్థలం తీర్చిదిద్దాడు. ఎత్తుపల్లాలు ఎక్కువ కాబట్టి దానికి హిమాలయాస్ అనే పేరొచ్చింది. వాళ్ళు పుటింగ్‌కే, అంటే బంతిని నేలమీద నెమ్మదిగా దొర్లించడానికే ఎందుకు పరిమితమయ్యారు? 1890లో వచ్చిన బాడ్మింటన్ లైబ్రరీ గోల్ఫ్ గ్రంథంలో లార్డ్ వెల్‌వుడ్ ఇచ్చిన వివరణ చూడండి. ఆడవాళ్ళు కొట్టే దెబ్బ డెబ్బై, ఎనభై గజాలు దాటకూడదట. అంతకు మించి కొట్టే బలం వాళ్ళకి లేదని ఆయన అనడు. అలా కొట్టాలంటే కర్రని భుజం కన్నా పైకి ఎత్తాలి, ఆ దుస్తుల్లో ఆ భంగిమ బాగుండదు అంటాడు. ఆట కొలత ఆడవాళ్ళ శక్తిని బట్టి కాక, చూసేవాళ్ళ మర్యాదని బట్టి నిర్ణయమైందన్న మాట.

అయితే ఆ చిన్న స్థలాన్ని వాళ్ళు వదులుకోలేదు. హిమాలయాస్‌ని ఇప్పటికీ ఆ ఆడవాళ్ళ క్లబ్బే నడుపుతోంది. కాస్త రుసుము కట్టి ఎవరైనా ఆడుకోవచ్చు. పక్కనే ఉన్న రాయల్ అండ్ ఏన్షెంట్ గోల్ఫ్ క్లబ్ ఆడవాళ్ళని సభ్యులుగా చేర్చుకోవడానికి ఓటు వేసింది 2014లో. రెండింటికీ మధ్య దూరం 147 ఏళ్ళు.

ఆట వ్యాపారంగా మారిన కథ అమెరికాలో జరిగింది. టెనెసీ, జార్జియా రాష్ట్రాల సరిహద్దున లుకౌట్ మౌంటెన్ మీద గార్నెట్ కార్టర్, ఫ్రీడా కార్టర్ దంపతులు 1920లలో ఫెయిరీలాండ్ అనే నివాస ప్రాంతాన్నీ ఒక హోటల్‌నీ కట్టారు. ఫ్రీడాకి ఐరోపా జానపద కథలంటే ఇష్టం. ఫెయిరీలాండ్ అన్న పేరు వెనక ఉన్నది ఆ ఇష్టమే. హోటల్ అతిథుల కోసం వేసిన చిన్న గోల్ఫ్ మైదానంలో మరుగుజ్జు బొమ్మలూ కథల్లోని పాత్రలూ కొలువుదీరాయి. దాని రూపకల్పనలో ఎక్కువ భాగం ఫ్రీడాదేనని చరిత్రకారులు చెబుతారు. టామ్ థంబ్ గోల్ఫ్ అన్న పేరుతో పేటెంటూ వ్యాపారమూ మాత్రం గార్నెట్‌వి.

1929 ఆర్థిక పతనం తర్వాత చేతిలో డబ్బు లేని జనానికి ఇది చవక వినోదమైంది. 1930 నాటికి అమెరికాలో పాతికవేల మినీ గోల్ఫ్ మైదానాలు ఉన్నాయని అంచనా. గడ్డి పెంచే ఖర్చు లేకుండా, పత్తిగింజల నూనె తీయగా మిగిలిన పొట్టుని నేలమీద పరిచేవారు. చెరకు పిప్పి, మొలాసిస్ విలువ తెలిసిన బోధన్ వైపు వాళ్ళకి ఈ లెక్క వెంటనే అర్థమవుతుంది. మోజు ఒకటి రెండేళ్ళలోనే చల్లారింది. అప్పటికే గార్నెట్ హక్కులు అమ్ముకుని లాభంతో బయటపడ్డాడు.

ఫ్రీడా మాత్రం కొండమీది తన పనిలో ఉంది. బండల మధ్య దారం పట్టుకుంటూ నడిచి కాలిబాట గుర్తించింది, దాని వెంట స్థానిక మొక్కలు నాటింది. అదే 1932లో జనానికి తెరిచిన రాక్ సిటీ గార్డెన్స్. సందర్శకులని రప్పించడానికి గార్నెట్ రాష్ట్రాల పొడవునా కొట్టాల కప్పుల మీద ప్రకటనలు రాయించాడు. ప్రచారం ఆయనది, చూడ్డానికి వచ్చిన వస్తువు ఆమెది. కానీ వ్యాపార చరిత్రల్లో ఆయన చురుకైన వ్యాపారి, ఆమె తోటలంటే ఇష్టమున్న భార్య. ఒకే రకమైన తెలివి మగవాడిలో వ్యాపార దక్షత, ఆడదానిలో అభిరుచి అయిపోతుంది.

ఈ భాష మనకి కొత్త కాదు. బోధన్‌లో 1937లో ఏర్పడిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ గురించి, 2002 ప్రైవేటీకరణ గురించి, 2015లో అది మూతపడటం గురించి మాట్లాడేటప్పుడు మనం "చెరకు రైతు" అంటాం. ఆ మాట వినగానే కళ్ళముందు నిలిచేది తలపాగా చుట్టిన మగవాడు. ముక్కలు నాటడం, కలుపు తీయడం, ఎండాకులు దూయడం వంటి పనుల్లో వంగిన నడుములు ఎక్కువగా ఆడవాళ్ళవి. మా ఇంట్లో కూడా పట్టా తాతయ్య పేరిటే ఉండేది. నాయనమ్మ పొలానికి పోవడాన్ని ఎవరూ పని అనలేదు, "తోడు పోయింది" అనేవాళ్ళు. జిల్లా అంతటా బీడీలు చుట్టే ఆడవాళ్ళది ఇంకో రకం. వాళ్ళకి వెయ్యి బీడీల చొప్పున లెక్కైనా ఉంది. ఇంటి పొలంలో దిగిన స్త్రీకి ఆ లెక్కా లేదు, ఎందుకంటే అది "మన కుటుంబానిది".

ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా పుట్టుకతోనే హక్కు ఇస్తూ ఆంధ్రప్రదేశ్ 1986లో హిందూ వారసత్వ చట్టాన్ని సవరించింది. ఆ సవరణ 1985 సెప్టెంబరు నుంచి వర్తించింది. అప్పటికే పెళ్ళైన కూతుళ్ళని మాత్రం బయట పెట్టింది. 2005లో కేంద్ర చట్టం ఆ షరతు లేకుండా వచ్చింది. చట్టం కుటుంబం తలుపు కాస్త తెరిచి చూసింది. మన చరిత్ర రచన ఇంకా వాకిట్లోనే ఉంది.

అందుకే చిన్న వ్యాపారాల చరిత్ర రాసేటప్పుడు యజమాని ఎవరని అడిగి ఊరుకోకూడదంటాను. నమూనా ఎవరు గీశారు, గల్లాపెట్టె దగ్గర ఎవరు కూర్చున్నారు, అప్పు పుట్టినప్పుడు ఎవరి నగలు తాకట్టుకి వెళ్ళాయి, అమ్మినప్పుడు సంతకం ఎవరిని అడిగారు? నిజామాబాద్ కిరాణా కొట్టుకైనా, ఫ్లోరిడా తీరంలోని ఆటస్థలానికైనా ఇవే ప్రశ్నలు. పేటెంట్ కాగితంలో, పట్టా పుస్తకంలో జవాబు దొరకదు. ఉత్తరాల్లో, ఫొటోల్లో, పద్దుల పుస్తకాల అంచుల్లో, ఇంకా బతికి ఉన్న ముసలమ్మల మాటల్లో వెతకాలి. ఫ్రీడా నాటిన మొక్కలు సాక్ష్యంగా మిగిలాయి. మన చెరకు తోటల్లో ఏటా పంట కొట్టేస్తారు కాబట్టి అలాంటి సాక్ష్యం నిలవదు. ముసలమ్మల దగ్గరికి మనం త్వరగా వెళ్ళాలి.